మత్తు లేని కుండ

ఈ అముగె చేతి అజోన్, అంటే మా రాగికల్లు, రుచి చూడని మగాడు మా చుట్టుపక్కల ఊళ్ళలో లేడు. గొప్పలకు చెప్పడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. రాగిపిండి పులియబెట్టి, రేకు మీద ఎర్రగా వేయించి, ఎండబెట్టి, మొలకల పొడి కలిపి కుండకు మూత పెట్టానంటే, ఆ వాసన పట్టుకుని జనం దారి మళ్ళించుకుని మరీ నా వాకిట్లోకి వస్తారు. మొగుడు పోయాక నా పిల్లల్ని పెంచింది ఆ కుండే. కాబట్టి కల్లు పాపమని నా ముందు ఎవరూ నీతులు చెప్పకండి. ఆదివారం చర్చిలో ఆ ముక్క చెప్పే పెద్దమనిషి సోమవారం సాయంత్రం ఎక్కడ కూర్చుంటాడో నాకు తెలుసు.

అయినా ఈ సంగతి చెప్పక తప్పదు. ఇన్నేళ్ళూ కుండ పక్కనే బతికినదాన్ని, తాగేవాళ్ళలో నేను చూడని రకం లేదనుకున్నాను. నా మరిది ఎసెలు లోపల ఏముందో తెలిసిన రోజున మాత్రం చేతిలో బూడిదతో అలాగే కూర్చుండిపోయాను.

ఎసెలు మా ఆయనకు తమ్ముడు. మా ఆయనది నోరు, ఇతనిది పని. నాగలి పట్టాడంటే దారం పట్టి గీసినట్టుండేది చాలు. ఎద్దుల్ని కొట్టేవాడు కాదు, పిలిచేవాడు. ఆ పిలుపు బిసినా సరస్సు ఒడ్డున వలలు ఆరబెట్టుకునేవాళ్ళకు కూడా వినబడేది. దొడ్డి నిండా పశువులు, ఒక్కోదానికి ఒక్కో పేరు. తూర్పు నుంచి తుపాకులవాళ్ళు వచ్చి ఊరి మందలన్నీ తోలుకుపోయిన ఏడాది అతని దొడ్డి కూడా ఖాళీ అయింది. అందరివీ పోయాయి. కొందరు ఏడ్చారు, కొందరు శాపనార్థాలు పెట్టారు, కొందరు కోళ్ళతో, మేకలతో మళ్ళీ మొదలుపెట్టారు. ఎసెలు ఏడవలేదు, తిట్టలేదు. నాగలిని దొడ్డి గోడకు ఆనించి, కల్లు పీల్చే తన గొట్టం తీసుకుని నా కుండ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

మా దగ్గర తాగడమంటే గ్లాసులో పోసుకుని మూలకు పోవడం కాదు. మధ్యలో కుండ, చుట్టూ మగాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో మనిషికంటే పొడుగు గొట్టం. ఎవరి గొట్టం వాళ్ళదే, ఒకరిది ఒకరు ముట్టుకోరు. కుండ పెట్టినదాన్ని కాబట్టి ముందు నేను ఒక గుక్క పీల్చి, ఇందులో విషం లేదు నాయనా అని చూపించాలి. ఆ తర్వాత వాళ్ళు మొదలుపెడతారు. నేను వేణ్ణీళ్ళు పోస్తూ ఉంటాను, వాళ్ళు పీలుస్తూ ఊరి సంగతులన్నీ తేలుస్తూ ఉంటారు. పెళ్ళిళ్ళు కుదిరేది అక్కడే, తగువులు తీరేది అక్కడే. గొట్టం లేని మగాడు మా ఊళ్ళో ఉన్నా లేనట్టే.

మిగతావాళ్ళు తాగితే నవ్వేవాళ్ళు, పాడేవాళ్ళు, అప్పుడప్పుడు కొట్టుకునేవాళ్ళు. ఎసెలు తాగినకొద్దీ లోపలికి పోయేవాడు. ఒడెకె అని ఒకడున్నాడు, పొట్టా పెద్దదే, నోరూ పెద్దదే, కుండలో సగం వాడికే పోతుంది. వాడు ఊరుకునేవాడు కాదు.

"ఒరే ఎసెలూ, నువ్వు తాగడానికొచ్చావా, కుండకు కాపలా కాయడానికొచ్చావా? ఒక్క నవ్వు నవ్వితే నీ సొమ్మేం పోయిందిరా!"

ఎసెలు గొట్టం మీంచి కళ్ళెత్తి చూసి, మళ్ళీ దించేసేవాడు. సాయంత్రం తాగేవాడు కాస్తా మధ్యాహ్నం రావడం మొదలుపెట్టాడు. తర్వాత పొద్దున్నే వచ్చి, నిన్నటి కుండ అడుగున ఏమైనా ఉందా వదినా అని అడిగేవాడు. అతని పెళ్ళాం అగుటి ఒకరోజు నా మీదికి యుద్ధానికొచ్చింది.

"అక్కా, ఇంక పొయ్యకు. నీకు దణ్ణం పెడతాను, పొయ్యకు."

"నేను పొయ్యకపోతే నాలుగడుగులేసి పక్క వాకిట్లో తాగుతాడే. అక్కడ వీడికి ఇంత ముద్ద ఎవరు పెడతారు? నేను తిండి పెట్టి మరీ పంపిస్తున్నాను."

"తిండి ఎక్కడ తింటున్నాడక్కా! కోడికి వేస్తున్నాడు."

అది నిజమే. నా రాగిముద్ద తిని నా కోళ్ళే బలిశాయి.

మా కులపెద్ద ఒకిరోర్. ముసలాయన, మంచివాడు, కాకపోతే ఏ రోగానికైనా తన దగ్గర మందుందనుకునే రకం. ఆయన అందరినీ కూర్చోబెట్టి తేల్చాడు. "వీడి రోగం గొంతులో లేదర్రా, దొడ్డిలో ఉంది. దొడ్డి నిండితే గొట్టం దానంతటదే జారిపోతుంది." అందరం తలా ఒక చెయ్యి వేసి, తొలి వానలకు ముందు రెండు కోడెలు కొని తెచ్చాం. ఒకటి ఎర్రది, ఒకటి మబ్బు రంగుది. ఆడవాళ్ళం నాలుకలాడిస్తూ సంబరం కూతలు పెట్టాం. ఎసెలు వాటి వీపు నిమిరాడు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు.

"పేర్లేం పెడతావురా?" అన్నాడు ఒకిరోర్.

"చూద్దాం పెద్దాయనా."

మా వాళ్ళు దూడ తల్లి కింద నిలదొక్కుకునేలోపే పేరు పెడతారు. పేరు లేని ఎద్దు దున్నదని కాదు, పేరు పెట్టకుండా ఎవరికీ నోరు ఊరుకోదు. ఎసెలు పెట్టలేదు. వానలు పడ్డాయి. ఊరంతా దుక్కులు మొదలయ్యాయి. అతని కోడెలు గట్టు మీద గడ్డి మేస్తుంటే, అగుటి వంగి చేత్తో పార పట్టుకుని మన్ను తిరగేస్తోంది. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఒకిరోర్ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి నా వాకిట్లోనే నిలదీశాడు.

"ఒంట్లో శక్తి లేదా?"

"ఉంది పెద్దాయనా."

"నాగలి విరిగిందా?"

"లేదు."

"మరి ఏడుపేమిట్రా నీకు!"

ఎసెలు కాసేపు ఆలోచించి, "పొద్దున్నే లేవాలి కదా పెద్దాయనా" అన్నాడు.

ఒడెకె పగలబడి నవ్వాడు. అందరం నవ్వాం. సోమరిపోతు మాటలా వినబడింది మాకు. లేవడమన్నది ఆ మనిషికి కొండెక్కడమని ఎవరికి తెలుసు?

ఒకిరోర్‌కు తల కొట్టేసినట్టయింది. మళ్ళీ అందరినీ పిలిచాడు. ఈసారి తీర్పు వేరు. ఎసెలు గొట్టం తీసేసుకోవాలి. ఊళ్ళో ఏ వాకిట్లోనూ వాడికి చుక్క పొయ్యకూడదు. పోస్తే ఆ ఇంటి కుండ పగులుతుంది. అన్నాడంటే చేస్తాడు. అందరి ముందు ఆ గొట్టం పట్టుకెళ్ళి తన ఇంటి చూరులో పైకి దోపేశాడు. మా మగాళ్ళు తల దించుకున్నారు. మనిషి పోయినప్పుడు తప్ప గొట్టం అలా పైకెక్కదు. ఎసెలు చేతులు ఖాళీగా ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఒకటి రెండు రోజులకే అగుటి పరుగెత్తుకుంటూ వచ్చింది. వెళ్ళి చూద్దును కదా, మనిషి ఒంటినిండా చెమటలు, చేతులు గజగజ, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. గోడ వైపు తిరిగి పిలుస్తున్నాడు. "పొడల కొమ్మూ, ఇటు రా. బూడిదమ్మా, దూడను తొక్కకు. వానమబ్బూ, నువ్వు ముందు నడు." ముందు నాకేం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పోయిన మందను నీళ్ళకు తోలుతున్నాడు. ఏది ముందు నడిచేదో, ఏది వెనకబడేదో, ఏ ఆవుకు ఏ దూడో, ఒక్కటి తప్పకుండా, అదే వరసలో. అన్నేళ్ళుగా వాటి పేరెత్తని మనిషి, మొత్తం మందను గుండెలో కట్టేసుకుని నా కుండ దగ్గర కూర్చున్నాడన్నమాట. అగుటి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం చర్చిలో నిలబడ్డట్టు నిలబడి విన్నాం.

సైకిలు వెనక కట్టి టౌను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి నర్సమ్మ అకురుట్ మా వాళ్ళమ్మాయే, మనిషి సన్నం, గొంతు మాత్రం తుపాకీ. ఒకిరోర్‌ని ఆసుపత్రి వరండాలోనే కడిగేసింది.

"ఇన్నేళ్ళు తాగినవాడికి ఒక్కపెట్టున ఆపేస్తే ప్రాణం పోతుంది పెద్దాయనా! ఆపించాలంటే ఇక్కడికి తేవాలి, మందులిచ్చి దగ్గరుండి ఆపించాలి. గొట్టం లాక్కుని, తీర్పులు చెప్పి కాదు."

పడుకోబెట్టి, మందులిచ్చి, వణుకు తగ్గించి పంపింది. పంపేటప్పుడు అగుటికి గట్టిగా చెప్పింది. "మళ్ళీ తప్పకుండా తీసుకురా. ఇతనికి తాగుడు ఒక్కటే కాదు, వెనక ఇంకోటుంది. దాన్ని చూడాలి."

మేం తీసుకెళ్ళామా? ఎక్కడ! మనిషి నిలబడ్డాడు, చేతులు వణకడం లేదు, కళ్ళు తెల్లగా ఉన్నాయి. కోడిని కోశాం. ఒకిరోర్ మీసం దువ్వుకుని "చూశారా" అన్నాడు. ఇంకా ఆసుపత్రి దేనికి అన్నారు అందరూ. కల్లు పోయింది, రోగం పోయింది అనుకున్నాం.

కల్లు పోయింది కానీ, దాని కింద ఉన్నది ఉండిపోయింది. చెరువు ఎండితే అడుగున ఉన్న మొద్దు బయటపడినట్టు బయటపడింది. పొద్దున్నే మామిడి చెట్టు కింద కూర్చుంటే పొద్దు తిరిగినా అక్కడే. నీడ జరిగితే మనిషి జరిగేవాడు కాదు, ఎండలోనే ఉండిపోయేవాడు. తాగిన రోజుల్లో కనీసం నలుగురి మధ్య కూర్చునేవాడు, ఒడెకె ఎగతాళి చెవిన పడేది. ఇప్పుడు మగాళ్ళంతా కుండ దగ్గర, అతనొక్కడూ చెట్టు కింద. పిలవడానికి లేదు, పిలిస్తే ఒకిరోర్ కుండ పగలగొడతాడు. అటు కల్లూ లేదు, ఇటు తోడు మనిషీ లేడు. ఆ మాట మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఒకరోజు పొద్దున నేను బూడిదతో కుండలు తోముతున్నాను. ఎసెలు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చాలా నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు.

"వదినా, నాగలి ఒడెకెకి ఇచ్చెయ్యి. వాడి నాగలి కర్ర విరిగింది. కోడెలు నీ పెద్దాడు తీసుకోవచ్చు. అగుటి మంచిది, దాన్ని ఏమీ అనకుండా చూసుకో."

చేతిలో బూడిద చేతిలోనే ఉండిపోయింది. నాకు కోపం ముందు, మాట తర్వాత. ఆ రోజు మాత్రం కోపం రాలేదు. ఎలా అడిగానో నాకే తెలియదు, సూటిగా అడిగేశాను.

"చచ్చిపోదామనుకుంటున్నావా ఎసెలూ?"

"అవును వదినా" అన్నాడు. సంతకు వెళుతున్నావా అంటే చెప్పినట్టు చెప్పాడు.

తడి చేత్తో అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. వదిలితే పోతాడని భయం. "పశువుల కోసమా? వచ్చాయి కదరా పశువులు!"

"పశువుల కోసమే అనుకున్నాను వదినా. ఇది పశువుల కంటే ముందు నుంచీ ఉంది. చిన్నప్పటి నుంచీ వెనకే వస్తోంది. దున్నుతున్నన్నాళ్ళూ దానికి అందకుండా ముందు నడిచాను. దొడ్డి ఖాళీ అయ్యాక నడక ఆగింది, అది వచ్చి పట్టుకుంది. కల్లు తాగితే కాసేపు మొహం తిప్పుకునేది. పొద్దున లేచేసరికి ఇంకా పెద్దదై కూర్చునేది. దానికి మళ్ళీ తాగేవాణ్ణి. ఇప్పుడు అదీ లేదు. ఉత్త అదే ఉంది."

ఏళ్ళ తరబడి నాలుగు మాటలు కలిపి ఆడని మనిషి అంత మాట్లాడాడు. నా ఎదురుగా కూర్చున్నది ఊళ్ళో అందరూ సోమరిపోతన్న మనిషి. అంత పెద్దదాన్ని చిన్నప్పటి నుంచీ ఒక్కడే మోస్తూ, చాలు వంకర పోకుండా అన్నేళ్ళు దున్నాడంటే ఏ గుండె అది! అతని ముందు నేను చీమంత అయిపోయాను. కాళ్ళకు మొక్కాలనిపించింది. మొక్కలేదు, ఊరు ఎగిరిపోయేలా కేక పెట్టాను.

ఈసారి ఆసుపత్రికి అందరం వెళ్ళాం. నర్సమ్మ అకురుట్ మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎసెలుతో తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడింది. మాత్రలిచ్చింది. మా దగ్గరికి వచ్చి చెప్పింది.

"ఇది దిగులు జబ్బు. సోమరితనం కాదు, చేతబడి కాదు. దిగులు తాగమంటుంది, తాగుడు దిగులును పెంచుతుంది. రెంటినీ కలిపి చూడాలి. మాత్రలు పట్టడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా ఒంటరిగా వదలొద్దు. తాళ్ళు, పురుగుమందులు ఇంట్లో ఉంచొద్దు. వారం వారం నా దగ్గరికి రావాలి. మిగతా రోజుల్లో నలుగురిలో కూర్చోబెట్టండి."

ఒకిరోర్ గొంతు సవరించుకున్నాడు. "నలుగురూ ఉండేది కుండ దగ్గరే కదమ్మా."

"కల్లు చుక్క తగలకూడదు."

"అదేనమ్మా చెబుతున్నాను. కుండ లేని చోట మాకు నలుగురు ఉండరు."

ఆవిడ కూడా మా వాళ్ళమ్మాయే కదా, ఆయన అన్నది అర్థమైంది. మాత్రల పొట్లం అగుటి చేతిలో పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు ఎసెలు, అగుటి ముందు నడుస్తున్నారు. వెనక ఒకిరోర్ సైకిలు తోసుకుంటూ నాతో నెమ్మదిగా అన్నాడు.

"ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దుల్లో ఒకదాన్ని విప్పేసి, ఇంక దుక్కి సాగుతుందనుకున్నాను అముగే. ఎంత మొద్దునో చూడు. గొట్టం ఇస్తే కల్లు చంపుతుంది. ఇవ్వకపోతే మనం చంపుతాం."

ఆయన నోట అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను, అలసిపోయి మొద్దులా పడుకున్నాను. పొద్దున లేచి వేయించిన రాగిపిండి తీస్తుంటే తట్టింది. మత్తు వచ్చేది మొలకల పొడి కలిపి ఊరనిస్తేనే. వేయించిన పిండిని ఊరనివ్వకుండా, అప్పటికప్పుడు వేణ్ణీళ్ళు పోసి, చింతపండు పులుసు పిండితే? రంగు అదే, పైన తేలే పొట్టు అదే, గొట్టంలోంచి వచ్చే వెచ్చదనం అదే. మత్తు మాత్రం ఉండదు. చేసి చూశాను. నోరు పుల్లగా అయింది, బాగానే ఉంది. ఒకిరోర్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన లేచి, ముక్కాలి పీట వేసుకుని, చూరులోంచి గొట్టం తనే దించాడు. దుమ్ము తుడిచి, వేణ్ణీళ్ళతో కడిగి తెచ్చాడు.

సాయంత్రం వాకిట్లో రెండు కుండలు పెట్టాను. పెద్దది అందరికీ, చిన్నది ఎసెలుకు. ఎంత తెలివిగా చేశాననుకున్నానో! అగుటి అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఒకిరోర్ గొట్టం చేతికిచ్చాడు. చిన్న కుండ ముందు ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. నేను అతని కుండలో మొదటి గుక్క పీల్చాను. అతను గొట్టం ముంచాడు.

పెద్ద కుండ చుట్టూ అందరూ, చిన్న కుండ ముందు ఒక్కడు. మా దగ్గర ఒక్కడే కుండ ముందు కూర్చునేది పిచ్చివాడు, లేదా ఊరు వెలివేసినవాడు. నేను ఆ సంగతి మరిచిపోయాను, కుండలు పెట్టేదాన్ని, నేనే మరిచిపోయాను! అందరూ మాట్లాడుతూ అటు చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తున్నారు. ఎసెలు ఒక గుక్క పీల్చాడు. గొట్టం పైకి తీశాడు. లేవబోయాడు. అగుటి నా వైపు చూసింది. ఇప్పుడు ఈ వాకిలి దాటితే మనిషి ఎక్కడికి పోతాడో మా ఇద్దరికీ తెలుసు.

ఒడెకె గొట్టం మా ఊళ్ళో అన్నిటికంటే పొడుగు. వాడు కూర్చున్నచోటి నుంచి లేవలేదు. పెద్ద కుండలోంచి గొట్టం సర్రున లాగి, అందరి తలల మీదుగా తిప్పి, నా వేణ్ణీళ్ళలో ఒకసారి జాడించి, చిన్న కుండలో గుచ్చాడు. కల్లు చుక్కలు పక్కవాళ్ళ మీద పడ్డాయి. గట్టిగా ఒక గుక్క పీల్చాడు. మొహమంతా ముడుచుకుపోయింది.

"ఓయమ్మో! అముగక్కా, ఇదేం కల్లే, పళ్ళు జివ్వుమన్నాయి! ఒరే ఎసెలూ, కూర్చోరా. ఈ పులుపు నేనొక్కణ్ణీ చావాలా?"

ఎసెలు సగం లేచినవాడు అలాగే ఆగాడు.

రెండోవాడు గొట్టం తీసి వేణ్ణీళ్ళలో జాడించాడు. తర్వాత ఇంకొకడు. ఒకరినొకరు చూసుకోలేదు, సైగ చేసుకోలేదు. పీటలు జరుపుకుంటూ, గొణుక్కుంటూ, ఒక్కొక్కరే ఆ చిన్న కుండ చుట్టూ చేరారు. చివరికి ఒకిరోర్ కూడా తన గొట్టం తెచ్చి ముంచాడు. పెద్ద కుండ ఒంటరిగా పొగలు కక్కుతూ ఉండిపోయింది. నా జన్మలో ఎన్నడూ అలాంటిది చూడలేదు. వీళ్ళు పిల్లవాడి బారసాల నాడు, పీనుగ లేచిన నాడు కూడా అజోన్ వదలని మనుషులు. ఎవరూ చెప్పకుండా, ఎవరూ అడగకుండా వదిలేశారు. ఆకాశం వంగి నా వాకిట్లో దిగినట్టనిపించింది. ఏడుస్తూనే వేణ్ణీళ్ళు పోశాను.

ఎసెలు కూర్చున్నాడు. గొట్టం మళ్ళీ ముంచాడు.

మా మగాళ్ళు దేవదూతలైపోయారని అనుకోకండి. ఎసెలు ఇంటికి వెళ్ళాక, సందు చివర ఇంకో వాకిట్లో నిజం కుండ దగ్గర వాళ్ళు ఏం చేసేవాళ్ళో నాకు తెలుసు, అడగలేదు. కానీ పొద్దు వాలినప్పటి నుంచి అతను లేచేదాకా పులుపు కుండే. ఒడెకె రోజూ తిట్టుకుంటూ తాగేవాడు. "ఇది తాగి ఇంటికి పోతే నా పెళ్ళాం మొహం స్పష్టంగా కనబడుతోంది అక్కా. ఇంతకాలం తప్పించుకున్నాను." వారం వారం ఎవరో ఒకరు సైకిలు మీద ఎసెలును అకురుట్ దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. అతను మాట్లాడేవాడు కాదు. వచ్చేవాడు, కూర్చునేవాడు, పీల్చేవాడు, వెళ్ళేవాడు.

మధ్యలో ఒకసారి తప్పాడు. పక్క ఊరు సంతకు వెళ్ళి, తాగి, దారిలో పడిపోతే మోసుకొచ్చారు. మర్నాడు నా వాకిటి బయటే నిలబడ్డాడు, గొట్టం రెండు చేతులా పట్టుకుని, తీసుకోమన్నట్టు. ఒకిరోర్ దాని వైపు చూడనైనా చూడలేదు.

"లోపలికి రా. కుండ చల్లారిపోతోంది" అన్నాడు.

రెండో వానలు దగ్గరపడ్డాయి. ఒక సాయంత్రం కుండ చుట్టూ కూర్చున్నాం. ఎసెలు కోడెలు రెండూ గట్టు దిగి వచ్చి, నేను కడుగునీళ్ళు పోసుకునే తొట్టి దగ్గర నిలబడ్డాయి. ఎర్రది మూతి పెట్టింది, తొట్టి అడుగు కనబడేదాకా ఎత్తలేదు. ఎత్తి, ఇంకా ఉందా అన్నట్టు నా వైపు చూసింది.

"ఒడెకె" అన్నాడు ఎసెలు.

ఒడెకె గొట్టం తీసి, "ఏంట్రా?" అన్నాడు.

"నిన్ను కాదు. దాన్ని." ఎసెలు గడ్డంతో ఎర్ర కోడెను చూపించాడు. "దాని పేరు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకిరోర్ నవ్విన నవ్వుకు ఆయన పీట వెనక్కి పడింది. ఒడెకె కోపం నటిస్తూ లేచాడు, "నా పొట్ట చూసి ఎద్దుకు పేరు పెడతావురా!" అని అరుస్తున్నాడు, కళ్ళు మాత్రం ధారలు కడుతున్నాయి. ఎసెలు నవ్వాడా? నవ్వలేదు. పెదవి చివర కాస్త కదిలింది. నాకది చాలు.

"మరి ఆ మబ్బు రంగుదాని పేరేంటి?" అడిగాను.

ఎసెలు గొట్టం కుండ అంచుకు ఆనించి ఆలోచించాడు.

"అది రేపు చెబుతాను వదినా."

రేపు! మాత్రలెన్ని వేసుకున్నాడో, ఎన్నిసార్లు ఆసుపత్రికి వెళ్ళాడో అకురుట్‌కు తెలుసు. నాకు తెలిసింది ఒక్కటే. నా ముందు బూడిదలో కూర్చుని ఉన్నదంతా పంచేసిన మనిషి, రేపు అన్నాడు. నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, పొగ అని చెప్పి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

రేపటి సాయంత్రం దాకా ఆగాల్సిన పని పడలేదు. రాత్రి పడిన వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. నేను పిండి ఎండబెడుతుంటే పొలం వైపు నుంచి ఒక కేక లేచింది. ఎన్నేళ్ళయిందో ఆ గొంతు విని. సరస్సు ఒడ్డున వలలు ఆరబెట్టేవాళ్ళు కూడా తలెత్తి ఉంటారు. రేకు మీద పిండి వదిలేసి గట్టు మీదికి పరుగెత్తాను. అగుటి అప్పటికే అక్కడ చాళ్ళ మధ్య కూలబడి, తడి మన్ను రెండు చేతులా పట్టుకుని ఉంది. ఎసెలు నాగలి మీద వంగి నడుస్తున్నాడు. చాలు కొంచెం వంకరగానే వస్తోంది.

"వానమబ్బూ! ఒడెకే! పదండి!"

మబ్బు రంగుదానికి పోయిన ఎద్దు పేరు మళ్ళీ పెట్టాడు.

పక్క పొలంలోంచి ఒడెకె పార ఎత్తి, గొంతు చించుకుని అరిచాడు. "వస్తున్నా! పదపద!"